కేంద్రకం కనిపించడం లేదా? ఉల్లిపొరలో, బుగ్గ కణాల్లో, వేరు కొనలో దాన్ని పట్టుకునే పద్ధతి

"స్లైడు చేశాం, ఇటుకల గోడలా కణాలు కనిపిస్తున్నాయి, కేంద్రకం మాత్రం లేదు." ఇలా అడిగేవాళ్లు వెంటనే ఇంకో మాట కూడా అడుగుతారు: ఇంతకంటే పెద్ద మైక్రోస్కోపు కొనాలా అని. అక్కర్లేదు. ఉల్లిపొర కణంలో కేంద్రకం చూడటానికి 100 రెట్లు పెంచి చూపే మామూలు బడి మైక్రోస్కోపు చాలు. రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ మొక్కల పైపొరలో దీన్ని గుర్తించి పేరు పెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒంటి కటకం మైక్రోస్కోపే. లోపం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: పొర మందంగా రావడం, రంగు సరిగా పట్టకపోవడం, వెలుతురు మరీ ఎక్కువ కావడం. మూడోదాన్ని ఎవరూ అనుమానించరు, ఎక్కువసార్లు దొరికేది అదే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. కణం తన డీఎన్‌ఏను దాచుకునే చోటు కేంద్రకం. ఏ ప్రోటీన్ తయారు కావాలో ఆ సమాచారం ఇక్కడే ఆర్‌ఎన్‌ఏగా నకలై, కేంద్రక పొరలోని రంధ్రాల గుండా బయటికి వెళ్తుంది. ఆ రంధ్రాలు కాంతి మైక్రోస్కోపుకు అందవు కాబట్టి వాటికోసం వెతకకండి. స్లైడు చేసేవాళ్లకు పనికొచ్చే సంగతి వేరే ఉంది: డీఎన్‌ఏకు రుణావేశం, మిథిలీన్ బ్లూ, సఫ్రానిన్ లాంటి క్షార రంగులకు ధనావేశం. అందుకే ఆ రంగులు వెళ్లి కేంద్రకానికే గట్టిగా అంటుకుంటాయి.

ఏమేం కావాలి

- 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు (స్లైడు వైపు ఉండే కటకాలు), 10 రెట్ల ఐపీస్ (కన్ను పెట్టే కటకం) ఉన్న మైక్రోస్కోపు. రెండింటి రెట్లను గుణిస్తే మొత్తం రెట్లు; కింద 10, 40 రెట్లు అన్నచోటల్లా ఆబ్జెక్టివ్ రెట్లే
- శుభ్రమైన స్లైడులు, కవర్ స్లిప్పులు. ఒకటి రెండు పగులుతాయి, నాలుగైదు అదనంగా పెట్టుకోండి
- శ్రావణం, సూది, బ్లేడు, డ్రాపర్, వాచ్ గ్లాసు
- వడపోత కాగితం ముక్కలు
- ఉల్లిపాయ. గట్టిగా, తాజాగా ఉన్నది. మెత్తబడినదాని పొర చిరిగిపోతుంది
- రంగు: అయోడిన్ ద్రావణం, లేదా 1 శాతం సఫ్రానిన్, లేదా 0.1 నుంచి 0.5 శాతం మిథిలీన్ బ్లూ
- గ్లిజరిన్

అయోడిన్ మీరే కలుపుకుంటే ఒక జాగ్రత్త. అయోడిన్ ఉట్టి నీళ్లలో సరిగా కరగదు. ముందు 2 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి పూర్తిగా కరిగాకే నీళ్లు కలిపి 300 మి.లీ. చేయండి. గోధుమ రంగు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచాలి. ద్రావణం రంగు తేలిపోయి పసుపు నీళ్లలా ఉందంటే దాని పని అయిపోయినట్టే.

రంగులేవీ లేకపోతే 2 శాతం అసిటిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడండి. వెనిగర్‌ను అంతే నీళ్లతో పలచన చేసినా సరిపోతుంది. రంగు రాదు గానీ కేంద్రకంలోని ప్రోటీన్లు గడ్డకట్టి దాని అంచు స్పష్టంగా తేలుతుంది.

ఉల్లిపొర స్లైడు

1. ఉల్లిపాయను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, లోపలి కండగల రేకు ఒకటి విడదీయండి. మరీ బయటి ఎండు పొరలు వద్దు, నడిమధ్య చిన్న రేకులూ వద్దు.

2. రేకు లోపలి వైపు, అంటే గిన్నెలా పల్లంగా ఉన్న వైపు, పల్చటి పొర ఉంటుంది. బ్లేడుతో అక్కడ సుమారు 5 మి.మీ. చదరం గీయండి. గాటు పైపైన పడాలి, రేకు తెగకూడదు.

3. చదరం ఒక మూలను శ్రావణంతో పట్టుకుని నెమ్మదిగా లేపండి. సరైన పొర తడిసిన ప్లాస్టిక్ కాగితంలా నిగనిగలాడుతూ, వెనకాల ఉన్నది కనిపించేంత పల్చగా వస్తుంది. తెల్లగా, దళసరిగా వస్తే కింద కండ కూడా అంటుకుని వచ్చినట్టు. పారేసి మళ్లీ తీయండి. ఇక్కడ రాజీ పడితే తర్వాత ఎంత రంగు వేసినా వృథా.

4. తీసిన పొరను వెంటనే వాచ్ గ్లాసులోని నీళ్లలో వేయండి. గాలిలో అర నిమిషం ఉన్నా అంచులు చుట్టుకుపోతాయి.

5. స్లైడు మధ్యలో ఒక చుక్క నీళ్లు వేసి, పొరను అందులో పరవండి. మడతలుంటే సూదితో సరిచేయండి. మడత పడ్డ చోట రెండు వరసల కణాలు ఒకదానిమీద ఒకటి కనిపించి, ఏ కేంద్రకం ఏ కణానిదో తేలదు.

6. వడపోత కాగితంతో నీళ్లు పీల్చేసి ఒక చుక్క రంగు వేయండి. అయోడిన్ అయితే 1 నుంచి 2 నిమిషాలు, సఫ్రానిన్ అర నిమిషం నుంచి ఒక నిమిషం, మిథిలీన్ బ్లూ 2 నుంచి 3 నిమిషాలు.

7. సఫ్రానిన్, మిథిలీన్ బ్లూ వాడితే తప్పనిసరిగా నీళ్లతో కడగాలి. పొర ఒక చివర నీటిచుక్క వేసి, ఎదురు చివర కాగితంతో పీల్చండి. కాగితానికి రంగు అంటడం దాదాపు ఆగేదాకా ఇలా చేయండి. అయోడిన్‌కు ఒక్కసారి చాలు.

8. ఒక చుక్క గ్లిజరిన్ వేసి, కవర్ స్లిప్పును 45 డిగ్రీల వాలుగా ఒక అంచు ఆనించి, సూది ఆసరాతో మెల్లగా దించండి. పైనుంచి టక్కున వేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. అంచుల్లోంచి కారిన ద్రవాన్ని కాగితంతో తుడవండి.

9. ముందు 4 రెట్ల ఆబ్జెక్టివ్‌తో పొర ఎక్కడుందో పట్టుకోండి. తర్వాత 10, ఆపైన 40. నేరుగా 40 పెట్టి వెతికేవాళ్లు స్లైడైనా పగలగొడతారు, విసుగైనా తెచ్చుకుంటారు. 40 పెట్టాక ఫోకస్ సరిచేసే పెద్ద మర ముట్టుకోవద్దు, చిన్న మర మాత్రమే తిప్పండి.

10. ఇప్పుడు వెలుతురు తగ్గించండి. స్టేజీ (స్లైడు పెట్టే బల్ల) కింద వెలుతురును తగ్గించే మూత ఐరిస్ డయాఫ్రమ్‌ను మెల్లగా మూస్తూ పోతే ఒకచోట కణాల మధ్యలోంచో, గోడ పక్కనుంచో గుండ్రటి మచ్చలు పైకి తేలినట్టు కనిపిస్తాయి. అంతదాకా తెల్లటి కాంతిలో మునిగి ఉన్నవే అవి. ఇలా చేస్తే రంగు వేయని తాజా పొరలో కూడా కేంద్రకం లేతగా దొరుకుతుంది. సందేహం ఉంటే ముందు అలాగే, రంగు లేకుండానే ఒకసారి చూడండి.

చూసింది కేంద్రకమేనా?

ఉల్లిపొర కణం పొడవు సాధారణంగా పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కేంద్రకం వ్యాసం సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే కణం పొడవులో పదిహేనో వంతో, ఇరవయ్యో వంతో. పుస్తకాల్లో బొమ్మ చూసి కణం నిండా పెద్ద గుండు ఉంటుందని వెతికితే నిరాశే. పైగా అది మధ్యలో ఉండాలనీ లేదు. పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచి) కణాన్నంతా ఆక్రమించి కణద్రవ్యాన్ని గోడలవైపు నెట్టేస్తుంది కాబట్టి కేంద్రకం చాలా కణాల్లో ఒక పక్క గోడకు ఆనుకుని ఉంటుంది. ఎదురుగా చూస్తే గుండ్రంగా, పక్కనుంచి చూస్తే నొక్కిన గింజలా కనిపిస్తుంది. రెండూ ఒకటే.

కొలిచి చూడాలంటే ఐపీస్ మీద క్షేత్ర సంఖ్య రాసి ఉందేమో చూడండి. అది 18 అయితే, 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో మీకు కనిపించే వలయం వ్యాసం 18ని 10తో భాగిస్తే వచ్చే 1.8 మి.మీ. 40 రెట్లతో 0.45 మి.మీ., అంటే 450 మైక్రాన్లు. ఆ వలయం అడ్డంగా మీ మచ్చలాంటివి ముప్పై పట్టేలా ఉంటే ఒక్కొక్కటి 15 మైక్రాన్లు. లెక్క కుదిరింది. పది మాత్రమే పట్టేలా ఉంటే 45 మైక్రాన్లు, అది కేంద్రకం అయ్యే అవకాశం లేదు.

లెక్క వేయకుండా తేల్చుకునే మార్గాలు ఇవి:

- ఒక కణానికి ఒకటే ఉండాలి. పక్క కణాల్లోనూ దాదాపు అదే సైజులో ఉండాలి.
- దళసరి నల్లటి అంచు, నడుమ మెరుపు ఉంటే గాలి బుడగ. బుడగలు కణాల గోడలను లెక్కచేయవు, రెండు మూడు కణాల మీదుగా పరుచుకుంటాయి.
- స్లైడు జరిపినా కదలని మచ్చ లెన్సు మీది దుమ్ము. ఐపీస్ తిప్పండి, దాంతోపాటు తిరిగితే దుమ్ము ఐపీస్ మీదే ఉంది.
- అంచులు కోసుగా, ముదురు రంగులో, కణాల బయట కూడా ఉంటే రంగు పొడి కరగకుండా మిగిలిన రవ్వలు. రంగును వడకట్టి వాడండి.
- చిన్న మర కాస్త కాస్త తిప్పుతూ 40 రెట్లతో చూస్తే మచ్చ లోపల ఒకటో రెండో మరీ చిన్న చుక్కలు తేలతాయి. అవి కేంద్రకాంశాలు, రైబోజోముల భాగాలు తయారయ్యే చోటు. అవి కనిపించాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఏం తేడా వచ్చింది?

*10 రెట్లతో స్పష్టంగా ఉంది, 40 పెట్టగానే ఎంత తిప్పినా మసకే.* స్లైడు తిరగేసి పెట్టారేమో చూడండి. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కూ వస్తువుకూ మధ్య ఉండే దూరం మిల్లీమీటరు కంటే తక్కువ. కవర్ స్లిప్పు కిందికి వస్తే మధ్యలో స్లైడు గాజు మందం అడ్డుపడి ఫోకస్ కుదరదు. తక్కువ రెట్లలో ఈ తప్పు బయటపడదు, అందుకే మనుషులు మైక్రోస్కోపును తిట్టుకుంటారు. స్లైడు సరిగానే ఉంటే ఆబ్జెక్టివ్ కొనకు రంగు అంటుకుని ఎండి ఉంటుంది, లెన్సు కాగితంతో తుడవండి. చొక్కా అంచుతో వద్దు.

*అంతా ఒకే ఎరుపు, లేదా ఒకే నీలం.* రంగు ఎక్కువసేపు ఉంది, లేదా కడగలేదు. స్లైడు పారేయకండి. కవర్ స్లిప్పు తీయకుండానే ఒక అంచున నీళ్లు వేసి రెండో అంచున పీలిస్తే గోడల్లోని అదనపు రంగు దిగుతుంది, కేంద్రకం తన రంగు నిలుపుకుంటుంది.

*అయోడిన్ వేస్తే నీలి నలుపు రాలేదు, రంగు పాడైందా?* లేదు. ఉల్లిగడ్డలో పిండిపదార్థం నిల్వ ఉండదు, అందుకే కణం లేత పసుపుగానూ, కేంద్రకం కొంచెం ముదురు గోధుమ పసుపుగానూ వస్తుంది. రావాల్సింది అదే.

*కొన్ని కణాల్లో ఉంది, కొన్నింట్లో లేదు.* పొర అంచుల్లో కణాలు తెగి లోపలిది కారిపోయి ఉంటుంది. అంచు వదిలి మధ్యకు రండి. మధ్యలోనూ కొన్నింట్లో లేదంటే అది కణం అడుగు గోడ వైపు ఉందన్నమాట, చిన్న మర పావు చుట్టు తిప్పండి. అన్నట్టు, గాయమైన చోటు పక్కనున్న బతికున్న కణాల్లో కేంద్రకం కొన్ని గంటల్లో గాయం వైపు గోడకు జరగడం మొక్కల్లో తెలిసిన సంగతే. ఓపిక ఉంటే పొరను నీళ్లలో ఉంచి, రంగు లేకుండా, మధ్యమధ్య చూడండి. రంగు వేస్తే కణం చచ్చిపోతుంది, ఇక కదలిక ఉండదు.

*పది నిమిషాల్లో అంతా ముడుచుకుపోయింది.* ఎండిపోయింది. గ్లిజరిన్ మరిచారు.

బుగ్గ లోపలి కణాలు

జంతు కణంలో కేంద్రకం చూడటానికి ఇంతకంటే తేలిక పని లేదు. 0.9 శాతం ఉప్పునీళ్లు (100 మి.లీ.కు 0.9 గ్రాములు), మిథిలీన్ బ్లూ, శుభ్రమైన పుల్ల ఉంటే చాలు.

1. నోరు నీళ్లతో బాగా పుక్కిలించండి. లేకపోతే తిన్నదే కనిపిస్తుంది.
2. పుల్ల మొద్దు చివరతో బుగ్గ లోపల నాలుగైదుసార్లు తేలిగ్గా గీరండి. నెత్తురు వచ్చేంత అవసరం లేదు.
3. స్లైడు మీది ఉప్పునీటి చుక్కలో పుల్లను తిప్పి, చిన్న నాణెమంత మేర పల్చగా పులమండి. ముద్దగా వదిలితే కణాలు గుంపులు కట్టి ఏదీ తేలదు.
4. గాలికి ఆరనివ్వండి. మంట మీద పెట్టొద్దు.
5. ఒక చుక్క మిథిలీన్ బ్లూ, 1 నుంచి 2 నిమిషాలు. నీళ్లతో మెల్లగా కడిగి, గ్లిజరిన్, కవర్ స్లిప్పు.

లేత నీలంలో చదునైన, వంకర అంచుల రేకుల్లాంటి కణాలు, మధ్యలో ముదురు నీలి చుక్క. కణం 60 మైక్రాన్ల చుట్టుపక్కల, కేంద్రకం దానిలో ఆరో వంతో ఎనిమిదో వంతో. ఇక్కడ గోడ ఉండదు కాబట్టి అంచులు మడతలు పడటం సహజం. ఆ చిన్న నీలి చుక్కలోని డీఎన్‌ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు.

కణాల మీద ఇంకా చిన్న నీలి చుక్కలు, గొలుసులు కనిపిస్తే అవి నోట్లోని బ్యాక్టీరియా. కేంద్రకమని పొరబడేవాళ్లు చాలామంది. వాటికి అసలు కేంద్రకం లేదు, ఒళ్లంతా ఒకే రంగు పడుతుంది. కేంద్రకం ఉన్న జీవి, లేని జీవి ఒకే స్లైడు మీద పక్కపక్కన ఇలా ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకవు.

ఒకరి పుల్ల ఇంకొకరు వాడొద్దు. వాడిన పుల్లలను, స్లైడులను బ్లీచింగ్ ద్రావణంలో ముంచి ఉంచి పారేయండి. ఆమ్లాలున్న పాత్రలో బ్లీచింగ్ పోయొద్దు, విషవాయువు వస్తుంది. ఈ స్లైడు చూసి తమ రక్తంతో కూడా ప్రయత్నిస్తామనేవాళ్లకు: మనిషి ఎర్ర రక్తకణాల్లో పరిపక్వమయ్యేసరికి కేంద్రకం ఉండదు, అక్కడ వెతకడం దండగ.

కేంద్రకం విడిపోవడం చూడాలంటే: ఉల్లి వేరు కొన

కేంద్రకం చేసే పని కళ్లారా కనిపించేది ఇక్కడే. రెండు మూడు రోజుల ముందస్తు ఏర్పాటు కావాలి, మొదటి ప్రయత్నం చెడిపోవడం మామూలు. ఒక్కసారి పది పన్నెండు వేళ్లు తీసిపెట్టుకోండి.

1. ఉల్లిగడ్డ ఎండు వేళ్లను చెక్కేసి, అడుగు మాత్రమే నీటికి ఆనేలా గాజు గ్లాసు మూతిమీద నిలబెట్టండి. రోజూ నీళ్లు మార్చాలి. వేళ్లు 1 నుంచి 2 సెం.మీ. రాగానే పని మొదలుపెట్టండి. ఇంకా పెరగనిస్తే విభజన తగ్గుతుంది.

2. ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య వేరు చివరి 1 సెం.మీ. కత్తిరించండి. వెంటనే 3 వంతుల ఇథైల్ ఆల్కహాలు, 1 వంతు గ్లేసియల్ (నీళ్లు కలవని) అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచండి. అప్పటికప్పుడు కలిపినదే వాడాలి. దీంతో ఏ దశలో ఉన్న కేంద్రకం ఆ దశలోనే ఆగిపోతుంది. వెంటనే వాడకపోతే తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చండి.

3. వేరును కడిగి, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 నుంచి 8 నిమిషాలు ఉంచండి. కణాలను అతికించే జిగురు కరిగి వేరు మెత్తబడుతుంది. తక్కువైతే కణాలు విడిపోవు, ఎక్కువైతే శ్రావణానికి అందకుండా చితికిపోతుంది. ఆమ్లం పలచన చేసేటప్పుడు ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

4. కడిగి, స్లైడు మీద 2 చుక్కల అసిటోకార్మిన్ (క్రోమోజోములకు పట్టే ఎర్ర రంగు) వేసి, స్పిరిట్ దీపం మీదుగా స్లైడును అటూ ఇటూ తిప్పుతూ వేడెక్కించండి. మరగకూడదు. చేతి వెనకవైపు ఆనిస్తే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. 5 నుంచి 10 నిమిషాలు వదలండి. రంగు లేతగా వస్తుంటే ఇనుప సూదితో ద్రావణాన్ని కాసేపు కలపండి, ఇనుము కాస్త చేరితే కార్మిన్ ముదురుతుంది.

5. మిగతా వేరుకంటే ముదురుగా రంగు పట్టిన చివరి 1 నుంచి 2 మి.మీ. ఉంచి, తక్కినది బ్లేడుతో కోసి పారేయండి. విభజన జరిగేది అక్కడే. చాలామంది పొరపాటున పొడుగు ముక్కను ఉంచుకుంటారు, అందులో సాగిపోయిన ముసలి కణాలే ఉంటాయి.

6. తాజా అసిటోకార్మిన్ చుక్క, కవర్ స్లిప్పు. పెన్సిలు వెనకవైపుతో తేలిగ్గా తట్టండి. ముక్క పొగమంచులా విడిపోతుంది. తర్వాత మడిచిన వడపోత కాగితం కింద పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకు జారిందా, కణాలన్నీ చుట్టలు చుట్టుకుని స్లైడు పోయినట్టే.

40 రెట్లతో చూస్తే ఎక్కువ కణాలు అంతర్దశలోనే, అంటే రెండు విభజనల మధ్య కాలంలోనే, ఉంటాయి: నిండు గుండ్రటి కేంద్రకం, లోపల కేంద్రకాంశాలు. ప్రథమ దశలో దారపుండలా అవుతుంది, దశ ముగిసేసరికి కేంద్రకాంశం, పొర రెండూ మాయమవుతాయి. మధ్యస్థ దశలో క్రోమోజోములు అడ్డగీతలా వరుస కడతాయి. అదే దశ పైనుంచి కనిపిస్తే గీతకు బదులు పువ్వులా, వలయంలా ఉంటుంది, వేరే దశ అనుకోవద్దు. చలన దశలో రెండు గుంపులు ఎదురెదురు కొసలకు పోతుంటాయి, వాటి చేతులు వెనక్కి వేలాడుతూ ఉంటాయి. అంత్య దశ దగ్గరే పొరబాటు ఎక్కువ: రెండు చిన్న కేంద్రకాలు జంటగా, సమాన సైజులో, ఒకే కణపు హద్దులో ఉంటేనే లెక్క.

పైనుంచి కనిపించే మధ్యస్థ దశ ఒకటి బాగా పరుచుకుని దొరికితే క్రోమోజోములు లెక్కపెట్టండి, ఉల్లిలో 16 రావాలి. 14, 15 వస్తే ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఇంకో కణం వెతకండి.

విభజన శాతం రాయాలంటే మూడు నాలుగు చోట్ల కలిపి కనీసం 200 కణాలు లెక్కించి, విభజనలో ఉన్నవాటిని మొత్తంతో భాగించి 100తో గుణించండి. విభజన కణాలు బాగా కనిపించిన ఒక్కచోటే లెక్కపెడితే అంకె పెరిగిపోతుంది. ఒక్క దశ కూడా దొరకలేదంటే కొన కోసేశారో, వేళ్లు ముదిరాయో, కత్తిరించిన వేళ కుదరలేదో చూసుకోండి, అదే వరుసలో.

ఫొటో తీయాలంటే ఫోన్ కెమెరాను ఐపీస్‌కు ఆనించకుండా ఒకటి రెండు సెం.మీ. ఎడంగా పట్టి, వెలుగు వలయం తెర నిండేదాకా ముందుకు వెనక్కు జరపండి. స్లైడు వారంపాటు దాచాలంటే కవర్ స్లిప్పు నాలుగు అంచులూ పొడిగా తుడిచి, రంగులేని గోళ్ల పాలిష్ పూసి, పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే పాలిష్ ఆరేలోపు కవర్ స్లిప్పు జారుతుంది.